విధవ వేషం

"తాళి మాత్రం తీసేదిల్లె సార్. ఈ వేషం నాకొద్దు."

తెల్లచీర కట్టుకున్న ఉలిగమ్మ తాళిబొట్టును గుప్పిట్లో పట్టుకుని గోడకు ఆనుకుపోయింది. స్టూడియోలో పనిచేసేవాళ్లంతా పని మానేసి ఆమెనే చూస్తున్నారు. పోతులయ్య మాస్టరుకు తల కొట్టేసినట్టయింది.

ఆయన హిందూపురంలో చింతపండు మండీ వెనక రేకుల షెడ్డులో పదేళ్లుగా నాటకాలు నేర్పుతున్నాడు. సినిమా ఎలా తీస్తారో కళ్లారా చూపిద్దామని నలుగురు శిష్యుల్ని వెంటబెట్టుకుని, బెంగుళూరులో బండి మారి మద్రాసు వచ్చాడు. ఐదు రోజులు గేట్ల దగ్గర పడిగాపులు కాశారు. ఆరో రోజు ఒక మేనేజరుకు జాలేసి, "నోరెత్తకుండా ఓ మూల నిలబడి చూసిపోండి" అని లోపలికి పంపించాడు. తీరా చూస్తే విధవ వేషం వేయాల్సిన ఆవిడ ఆ రోజు రాలేదు. డైరెక్టరు చూపు మూలన నిలబడ్డ ఉలిగమ్మ మీద పడింది.

ఒక్కటే సీను. చనిపోయిన మొగుడి చొక్కా మడతపెడుతూ, "ఇంక ఎదురుచూసేది లేదు" అనాలి. అంతే.

"కెమెరా దగ్గరికొస్తుంది మాస్టారూ. ఎంత దాచినా మెడలో తాడు కనబడుతుంది. పది నిమిషాలు చూస్తాను. కాదంటే ఇంకొకరిని పిలిపించుకుంటా" అన్నాడు డైరెక్టరు విసుగ్గా.

మాస్టరు ఆమెను పక్కకు తీసుకెళ్లాడు.

"నాటకంలో రాజు సచ్చిపోతే నిజంగా సచ్చిపోతాడామ్మే? ఇదీ వేషమే కదా. మన షెడ్డులోనించి ఒగరన్నా తెర మింద కనపడితే సాలని పదేండ్లుగా సూస్తాండా."

"పెండ్లయిన ఆడది ఆటకు గూడా తాళి తీయగూడదు సార్. మీకు తెల్దా? ఆడ ఆయనకేమన్నా అయితే?"

"వాడు పోయి ఏడేండ్లాయె. ఒగ జాబన్నా రాసినాడా?"

"బతికే ఉండాడు సార్. మా అత్త ఆయన పేరు మింద దినామూ దీపం పెడ్తాది. ఆయన్ని ఎతుక్కునేదానికే గదా నేను మీ కాడ నాటకం నేర్సుకునింది!"

ఆ మాట నిజమే. గోవిందప్పను మాస్టరు ఎప్పుడూ చూడలేదు గానీ అతని కథ మాత్రం వందసార్లు విన్నాడు. పెళ్లయిన మూడు నెలలకు, ఉంగరాల జుట్టు దువ్వుకుని, పకపకా నవ్వుతూ, "హీరో అయినాకే వస్తా" అని పెనుకొండలో రైలెక్కాడట. అప్పటినుంచీ ఆమె గోడమీద సినిమా కాగితం కనబడితే చాలు, ఆగి ప్రతి మొహాన్నీ చూసేది. ఈ ఐదు రోజులూ ప్రతి గేటు దగ్గరా అతని ఆనవాళ్లు చెప్పి అడిగింది. ఎప్పుడు ఎదురుపడతాడోనని పెళ్లినాటి ధర్మవరం చీరే కట్టుకుని తిరిగింది. ఇవాళ ఈ తెల్లచీర వచ్చిపడింది.

"ముందు పోయి మొగానికి రంగు ఏయించుకో. అప్పటికీ మనసొప్పకపోతే ఒద్దులే" అన్నాడు మాస్టరు నీరసంగా.

మేకప్ గదిలో బట్టతల మనిషి ఒకతను బల్ల మీద డబ్బాలు సర్దుకుంటూ, తలెత్తకుండానే కుర్చీ చూపించాడు. తడిగుడ్డ తీసుకుని ఆమె బొట్టు చెరిపాడు.

"ఏ ఊరమ్మా మీది?"

"పెనుకొండన్నా."

పౌడరు కొంచెం ఒలికి ఆమె ఒళ్లో పడింది. "అయ్యో" అంటూ అతను వంగి దులిపాడు.

"అన్నా, ఈడ మా పక్కోడు గోవిందప్పని ఎవరన్నా ఉండారా? ఉంగరాల జుట్టు. శానా అందంగా ఉంటాడు."

"హీరోలమవుదామని ఇక్కడికి వేలమంది వస్తారమ్మా. ఎవరని చెప్పను?"

అడిగి అడిగి అలవాటైన ఆమె ఆ జవాబుకు కూడా తలూపింది. ఇంతలో ఒకామె క్యారియరు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆమె చెయ్యి విడిపించుకుని నాలుగేళ్ల పిల్ల ఒకటి, "నాయనా!" అంటూ లోపలికి పరుగెత్తుకొచ్చింది. అతను రంగు చేతులు పైకెత్తి, మోచేతులతోనే పిల్లను పొదివి పట్టుకుని పకపకా నవ్వాడు. ఉలిగమ్మ అద్దంలో ఆ పిల్లనూ, ఆ నవ్వునూ చూస్తూ ఉండిపోయింది.

"మెడకు కూడా పౌడరు వేయాలమ్మా. తాళి ఉంచుతారా, తీస్తారా?" అన్నాడతను పిల్లను దించి.

ఆమె తాళిబొట్టు తల మీదుగా తీసి, బల్ల మీద పౌడరు డబ్బా పక్కన పెట్టింది.

సీను ఒక్కసారికే అయిపోయింది. ఆమె ఏడవలేదు. చొక్కాను నాలుగు మడతలు పెట్టి, అరచేత్తో నిమిరి, "ఇంక ఎదురుచూసేది లేదు" అంది. డైరెక్టరు లేచి వచ్చి మాస్టరు చేతులు పట్టుకున్నాడు.

"ఎలా నేర్పారండీ ఈ అమ్మాయికి?"

మాస్టరు కళ్లు తుడుచుకున్నాడు. పదేళ్ల కష్టం ఈ ఒక్కమాటతో తీరిపోయిందనుకున్నాడు. గేటు దాటి బస్టాపు దాకా అదే మాట శిష్యులందరికీ చెబుతూ నడిచాడు.

బస్టాపులో ఆయన చూపు ఉలిగమ్మ మెడ మీద పడింది. ఆమె మళ్లీ ధర్మవరం చీర కట్టుకుంది గానీ మెడ బోసిగానే ఉంది.

"ఓయమ్మా! తాళి ఆ రూములోనే మర్సిపోయినావే! పో, బిర్రున పోయి తెచ్చుకోపో. మీ అత్తకు నేనేం జవాబు సెప్పాల?"

"మర్సిపోలేదు సార్" అంది ఉలిగమ్మ, వస్తున్న బస్సు వైపు చూస్తూ.

"మరి యాడ పెట్టినావే?"

"కట్టినోనికే ఇచ్చేసినా."