ఆగమని చెప్పిన గంట

మారికుప్పం నుంచి బెంగళూరు వెళ్లే పొద్దుటి రైల్లో ఉన్నట్టుండి పెళ్లి బ్యాండు మోగింది.

బోగీలో సగం మంది కిటికీల్లోంచి తొంగిచూశారు. బయట ఏ ఊరేగింపూ లేదు. ఆ మోత ప్రేమ ఒళ్లో ఉన్న లాప్‌టాప్‌లోంచి వస్తోంది. ఇయర్‌ఫోన్ తీగ ఊడిన సంగతి పాపం ఆ పిల్ల చూసుకోలేదు.

"ఏం పాటమ్మా అది?" అన్నాడు ఎదురు సీటు పెద్దాయన.

"లాలిపాట తాతా."

బోగీ అంతా గొల్లుమంది. వెనక సీట్లో నిద్రపోతున్న చంటిబిడ్డ లేచి కెవ్వుమంది. ప్రేమకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమెది కొత్త ఉద్యోగం. హార్మోనియం మాస్టర్లు రాసుకున్న స్వరాలను కంప్యూటర్ వాయించే కోడ్‌గా మార్చే పనిముట్టు ఒకటుంది. దాన్ని నడిపేది మనిషి కాదు, ఏఐ. ఆ ఏఐకి పని నేర్పే పుస్తకం సరిగ్గా ఉందో లేదో తేల్చడమే ప్రేమ పని. లాలిపాట ఇస్తే ఏఐ పెళ్లి బ్యాండు వాయిస్తోంది; లోపం ఎక్కడుందో ఇప్పటికి రెండుసార్లు పట్టుకోలేకపోయింది. ఇవాళ పదింటికి రిపోర్టు ఇవ్వాలి. ఈసారీ దొరక్కపోతే రేపటినుంచి రానక్కర్లేదని మేనేజరు నవ్వుతూనే చెప్పాడు.

పెద్దాయన వదిలే రకం కాదు. ఎడమ చేత్తో కిటికీ చువ్వ మీద టంగుమని కొట్టి, "తప్పు యాడుండాది?" అన్నాడు. కుడిచేతి వేళ్లు రెండు మడత పడకుండా కొయ్యల్లా నిలబడి ఉన్నాయి.

దొరికాడు ఈయనొకడు, అనుకుంది ప్రేమ.

"అదే తెలీడంలే తాతా. ఇరవైసార్లు చదివినా. రాసినవన్నీ కరెక్టే."

"ఆ పుస్తకం చదివేది ఎవురు?"

"మిషను అనుకో."

"దానికి తెలీని గుర్తు వస్తే ఏం చేస్తాది?"

"ఏదో ఒకటి ఊహించుకొని వాయించేస్తాది."

"ఆగమని దానికి ఎవురన్నా చెప్పినారా?"

ప్రేమ లాప్‌టాప్‌లో పుస్తకం మొదటి పేజీ తెరిచింది.

"బంగారు మైన్‌లో మేం కిందనుంచి గంట కొడితే పైన డ్రైవరు కేజ్ లాగుతాడమ్మా. కేజ్ అంటే మమ్మల్ని దించి ఎక్కించే ఇనప బోను, నిండా మనుషులు. గంట అర్థం కాలేదనుకో, చెయ్యి కదపకూడదు. మళ్లా అడగల్ల. కదిలినాక అనుమానం వస్తే ఒక్క గంట. టంగ్! ఆపేయల్ల. మా గంటల బోర్డులో మొదటి లైనే అది. మీ పుస్తకంలో యాడుండాది?"

లేదు. నూట పన్నెండు పేజీల్లో ఎక్కడా లేదు.

"మా తాత కూడా మైన్‌లోనే చేసినాడు, చాంపియన్ రీఫ్స్‌లో," అంది ప్రేమ, గొంతు మెత్తబడి.

"ఆడ చేసినోళ్లు వేలమంది కదమ్మా!" ఆయన నవ్వుతూ సంచీ అందుకుని లేచాడు. బంగారపేట వచ్చేసింది.

ప్రేమ అప్పటికే టైపు చేస్తోంది: 'గుర్తు తెలియకపోతే ఊహించవద్దు. అక్కడే ఆగు. అడుగు.'

మళ్లీ నడిపింది. ఈసారి ఏఐ మూడో లైన్లో ఆగింది. 'ఈ మెలిక గుర్తు దగ్గర స్వరాన్ని ఎంత ఊపాలి?' అని బుద్ధిగా అడిగింది. ప్రేమ చెప్పింది. ఇయర్‌ఫోన్ తీగ ఈసారి తనే పీకేసింది.

లాలిపాట లాలిపాటలాగే వచ్చింది. వెనక సీట్లో బిడ్డ ఏడుపు ఆపి కళ్లు మూసింది.

"ఇంగోసారి పెట్టక్కా," అంది తల్లి.

ప్రేమ ఆనందం పట్టలేక ఎదురు సీటు వైపు చూసింది. ఖాళీ. అయ్యో, పేరైనా అడగలేదే!

ఉద్యోగం ఖాయమైంది. సాయంత్రం ఇంటికి రాగానే తాత రామచంద్ర నోట్లో మైసూర్‌పాకు పెట్టి, రైల్లో జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

తాత నమలడం ఆపాడు.

"ఏ చేతి వేళ్లు మడత పడవన్నావు?"

"కుడి చెయ్యి. రెండు వేళ్లు."

తాత చటుక్కున లేచాడు. పెట్టెలోంచి పండగ చొక్కా తీసి దులిపాడు.

"రేప్పొద్దున రైలుకు నాకూ టికెట్టు తియ్యి పాపా. ఆయన కనబడేదాకా దినామూ వస్తా. మైసూర్‌పాకు ఇంగో అరకేజీ కట్టు."

"నా ఉద్యోగం నిలబెట్టినాడనా తాతా?"

"నీ ఉద్యోగం కాదే పిచ్చిదానా!" తాత కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "ఆ దినం మైన్‌లో కేజ్ ఎక్కతా ఉంటి, నా కాలు ఇంగా బయటే ఉండాది, కేజ్ కదిలిపోయింది. గంట తాడు పట్టి లాగి ఆపినాడు ఒకాయన. ఆ తాట్లో చిక్కి ఆయన కుడిచేతి వేళ్లు రెండు నలిగిపోయినాయని తర్వాత విన్నా. చీకట్లో మొగం చూడలే, పేరు తెలీదు, నేను ఆస్పత్రినుంచి వచ్చేలోగా ఆయన్ని వేరే గనికి మార్చేసినారు. యాభై ఏండ్లుగా వెతుకుతా ఉండా."

ప్రేమ ఫోన్ అందుకుని తాతకు టికెట్టు తీసింది.

"మీ నాయన పుట్టింది," అన్నాడు తాత చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "ఆ మరుసటేడు."