నల్లరంగు లేని పెట్టె

పెళ్లయి నెల తిరక్కుండానే ఆమె మొగుణ్ణి బొమ్మకు కూర్చోబెట్టింది. కిటికీ పక్కన అదే కుర్చీ, అదే మనిషి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి మారే వెలుతురుకి నాలుగు బొమ్మలు.

"నేను చాలు అనేదాకా కదలకండి."

"నన్ను చేసుకున్నది ఇందుకన్నమాట," అంటూనే అతను బుద్ధిగా కూర్చున్నాడు.

రాత్రి దీపం పెట్టి, నాలుగో బొమ్మ మొదలుపెట్టే ముందు మిగతా మూడింటినీ గోడకి ఆనించి మురిసిపోయింది. పొద్దుటి లేత పసుపు, సాయంత్రపు దానిమ్మ ఎరుపు, మధ్యలో కళ్లు చెదిరే తెలుపు.

అప్పుడు కనిపించింది. పొద్దుటి బొమ్మలో అతని పాదాల దగ్గర ఏదో నీడ. మధ్యాహ్నం నీడలు కుంచించుకుపోవాలి. ఇది మాత్రం మోకాళ్ల మీదికి పాకింది. సాయంత్రానికి దానికి వేళ్లొచ్చాయి. అవి అతని మెడ కిందే ఆగాయి.

నీడలకి ఆమె నీలంలో గోధుమరంగు కలుపుతుంది. ఇది చిక్కటి నలుపు. ఆమె పెట్టెలో నల్లరంగు లేనే లేదు.

"ఇవాళ్టికి చాలు. లేవండి," అంది కుంచె బల్ల మీద పడేసి.

"అప్పుడే విసుగొచ్చిందా నా మొహం మీద?"

"నేనింక గీయను. లేవండీ, మీకు దణ్ణం పెడతా."

అతను నవ్వబోయి ఆగిపోయాడు.

"లేవలేకపోతున్నాను," అన్నాడు మెల్లగా.

ఆమె పరుగున వెళ్లి రెండు చేతులా అతని భుజాలు పట్టుకుని లాగింది. వెనక, తెల్లకాగితం మీద కుంచె కదులుతున్న చప్పుడు మెత్తగా మొదలైంది.