కువైట్ చెయ్యి

గుడి దగ్గర పంతులుగారు కారు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టి పక్కకి తప్పుకున్నారు.

"ఎక్కు బావా" అన్నాడు గవర్రాజు. "కువైట్లో కారు నడిపిన సెయ్యి. నువ్వు తొక్కిత్తే నాకు కలిసొత్తాది."

జగ్గారావు ఎక్కలేదు.

ఎందుకంటే కువైట్లో అతనికి కారు లేదు. ఉన్నదల్లా సిటీ బస్సు. అదీ వచ్చినప్పుడే. ఇక్కడ వన్ టౌన్‌లో బస్సు వెనకాల పరిగెత్తినవాణ్ణి విమానం ఎక్కించి తెచ్చింది ఇంకో బస్సు కోసం నిలబెట్టడానికా అని ఆ ఎండలో తనని తానే తిట్టుకునేవాడు. అరబ్బీ బోర్డు చదవడం రాక ఒకరోజు పనికని బయల్దేరి చేపల మార్కెట్లో తేలాడు. రోడ్డు మీద నడిచే మనిషి తనొక్కడే. కార్లలో పోయేవాళ్ళు తప్పిపోయిన మేకని చూసినట్టు చూసేవారు.

ఈ సంగతి ఊళ్ళో తెలిస్తే పరువేం కాను? అందుకే బస్టాపు పక్కన ఎప్పుడూ ఆగి ఉండే ఆకుపచ్చ కారుకి ఆనుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని ఫోటో దిగాడు. తలుపుకి సొట్ట ఉంటే ఉండనీ, కారు కారే. కుడిపక్క బస్టాపు స్తంభం కూడా పడింది. దాన్ని కత్తెరతో కత్తిరించి ఇంటికి పంపాడు. అందరూ నమ్మేశారు.

నమ్మనివాడంటూ ఉంటే ఈ కొత్త బావే. చెల్లెలు తాయారు పెళ్ళి జగ్గారావు అక్కడ ఉండగానే అయిపోయింది. గవర్రాజు అంతకు ముందే కువైట్లో పనిచేసి, కార్లు నడిపి నడిపి విసుగొచ్చి తిరిగొచ్చిన మనిషట. ఇప్పుడు టాక్సీకి తిప్పుదామని ఈ పాత అంబాసిడరు కొన్నాడు. అలాంటివాడి ముందు స్టీరింగు పట్టుకుంటే క్షణంలో బండారం బయటపడుతుంది. అత్తారింట్లో చెల్లెలు తలెత్తుకోలేదు.

"నీ కారు. నువ్వే తొక్కించు బావా."

"సొంతోడు తొక్కకూడదు. మా ఇంట్లో ఆనవాయితీ." గవర్రాజు ఓ అడుగు వెనక్కి వేశాడు.

"అయితే మీ డ్రైవరు గురువులున్నాడు గదా?"

"మొదటిసారి జీతగాడేటి అన్నయ్యా? ఇంటి మనిషే తొక్కించాల" అంది తాయారు.

"అక్కడ స్టీరింగు ఎడం పక్కనమ్మా. సెయ్యి అలవాటు పడిపోనాది. ఇప్పుడు కుడి పక్క ఎక్కితే నిమ్మకాయల్ని కాదు, పంతులుగారిని తొక్కేత్తాను."

పంతులుగారు ఇంకాస్త దూరం జరిగారు. వెనక పూజకొచ్చిన స్కూటర్ల వాళ్ళు హారన్లు కొడుతున్నారు. జగ్గారావు నోటికి ఏదొస్తే అది అనేశాడు.

"కువైట్లో కొత్త బండిని మొదటిసారి ఇంజను వేసి కదపరు. ఇంటోళ్ళు తోసుకెళ్తారు."

అని నాలిక కరుచుకున్నాడు. అక్కడ బతికొచ్చిన మనిషి ముందు ఇంత పచ్చి అబద్ధమా!

"అవునవును!" గవర్రాజు మొహం వెలిగిపోయింది. "నానే మర్సిపోనాను. అక్కడంతా తోపుడే!"

జగ్గారావు నిర్ఘాంతపోయాడు. బావ కనిపెట్టేశాడు. కనిపెట్టి కూడా నలుగురిలో తన పరువు కాపాడాడు. ఎంత పెద్ద మనసు!

గురువులు బండిని న్యూట్రల్లో పెట్టి దిగాడు. తాయారు ఎక్కి బిక్కుబిక్కుమంటూ స్టీరింగు పట్టుకుంది. బావా బావమరదులిద్దరూ పంచెలు ఎగ్గట్టి వెనకనుంచి తోశారు. నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

తర్వాత గురువులు కారు నడుపుతుంటే సీతమ్మధార వెళ్ళారు. చెల్లెలింట్లో అడుగుపెట్టడం జగ్గారావుకి అదే మొదలు. బావ చేతులు పట్టుకుని అంతా ఒప్పేసుకుందామని, కళ్ళు చెమ్మగిల్లుతుండగా హాల్లోకి వెళ్ళాడు.

ఎదురుగా గోడ మీది ఫోటోలో గవర్రాజు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, తలుపు సొట్టపోయిన ఆకుపచ్చ కారుకి ఆనుకుని నవ్వుతున్నాడు, ఆ ఫోటోకీ కుడిపక్క కత్తెర పడింది.