దర్భ కాకి

ఆదివారం సాయంత్రం స్వానంద కాలనీ బాల్కనీలన్నీ మోగుతున్నాయి.

కంచాలు, గంటలు, ఒక ఇంట్లో శంఖం. మహమ్మారికి ఎదురు నిలిచినవాళ్ళకు దేశమంతా కృతజ్ఞత చెప్పుకుంటున్న రోజు అది.

సరిగ్గా అప్పుడే సుమన్ ఆవళే గేటు తోసుకుని లోపలికి వచ్చింది. ఆమె మిరజ్‌లో పెద్దాసుపత్రి ఆయా. అక్కడ ఆయాలందరినీ ‘మావశీ’ అనే పిలుస్తారు, పిన్నీ అన్నట్టు.

తలెత్తి చూసింది. ఆ చప్పుడులో తనకూ కాస్త వాటా ఉందనుకుంది కాబోలు, సంచీ కింద పెట్టి, చుట్టూ తిరిగి అందరికీ దణ్ణం పెట్టింది.

ఒక్కొక్క కంచమే ఆగిపోయింది.

“ఎవరీవిడ?” పై అంతస్తు నుంచి జోగ్లేకర్ కాకా అరిచాడు.

“వెనక గదిలో అద్దెకుంటుంది కాకా. ఆసుపత్రిలో పని,” అన్నారెవరో కింది బాల్కనీ నుంచి.

“అంటే రోజూ అక్కణ్ణుంచి తిన్నగా మన ఇళ్ళ మధ్యకే వస్తోందన్నమాట! ముకుందా, సెక్రటరీవి నువ్వు. నిద్రపోతున్నావా?”

ముకుంద కరందీకర్ నిద్రపోలేదు. ఆ వారంలోనే ఒక ఉదయం ఆమె గది ముందు, గుమ్మానికి దూరంగా నిలబడ్డాడు.

“మీరంటే మాకు చాలా గౌరవం సుమన్‌బాయీ. కానీ ముసలాళ్ళున్న కాలనీ. మా ఇంట్లో మా అమ్మే ఉంది.”

“నేను అక్కడే స్నానం చేసి, బట్టలు మార్చుకునే వస్తున్నా దాదా.”

“నాకు తెలుసు. కాలనీకి తెలియాలి కదా.”

“ఊరంతా మూసేశారు. ఇప్పుడు నాకు గది ఎవరిస్తారు?”

“ఆసుపత్రివాళ్ళే ఏదో చూస్తారులెండి.”

ఆమె సంచీ, స్టవ్వు, చుట్టిన చాప తీసుకుని బయలుదేరింది. గేటుకు ఫ్లెక్సీ కట్టి ఉంది. ‘కరోనా యోధులకు స్వానంద కాలనీ వందనం’, పక్కన ముకుంద ఫొటో. ఒక మూల ఊడి దారికి అడ్డంగా వేలాడుతుంటే, చేత్తో పక్కకు తప్పించుకుని వెళ్ళిపోయింది.

వానాకాలంలో జబ్బు ముకుంద తల్లికే వచ్చింది.

ఆసుపత్రిలోకి ఎవరినీ రానివ్వరు. వార్డు సిస్టర్ ఫోన్‌లోనే మాటలు.

“తిన్నావా ఆయీ?”

“తిన్నారా. ఇక్కడొక మావశి ఉంది. చపాతీ పాలలో నానేసి పెడుతుంది. జడ కూడా వేస్తుంది. నీ పెళ్ళాం ఏనాడైనా వేసిందా?”

పక్కనే ఉన్న వినయ మూతి తిప్పుకుంది.

“ఎవరామె?”

“తల నుంచి కాళ్ళ దాకా ప్లాస్టిక్ తొడుగేరా, కళ్ళు తప్ప ఏమీ కనపడదు. పేరడిగితే, మావశీ అంటే పలుకుతాగా అంటుంది. ఒరే, నేను ఇంటికొచ్చాక ఆమెను పిలిచి నేతి పూరణ్‌పోళీతో భోజనం పెట్టాలి. కొత్త చీర పెట్టాలి. మరిచేవు!”

“మరవను.”

తల్లి ఇంటికి రాలేదు. ముకుంద ఆ మాట మరిచాడు.

పదోరోజున కృష్ణ ఒడ్డున పిండం పెట్టారు. కాకి ముట్టాలి. ముట్టలేదంటే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని అర్థం. అది తీరుస్తామని ఇంటివాళ్ళు వినపడేలా మాటివ్వాలి.

కాకి వచ్చి గట్టు మీద వాలింది. పిండం వంక చూసింది. కదల్లేదు.

“ఆయీ, నీ తులసిని ఎండనివ్వను,” అన్నాడు ముకుంద.

కాకి ముక్కు రాతికి రుద్దుకుంది.

“అత్తయ్యా, గౌరీపూజ మీలాగే చేస్తాను. నైవేద్యం బయట నుంచి తెప్పించను,” అంది వినయ.

కాకి తల అటు తిప్పుకుంది.

“మీ అత్తగారు నమ్మడం లేదమ్మా,” అన్నాడు కర్మ చేయిస్తున్న గురూజీ. వెనక మరో కుటుంబం తమ వంతు కోసం నిలబడి ఉంది. “ఏదైనా మాటిచ్చి మరిచారా, చూసుకోండి.”

ముకుందకు అప్పుడు గుర్తొచ్చింది.

“ఆయీ, నిన్ను చూసుకున్న మావశిని ఇంటికి పిలుస్తాను. భోజనం పెడతాను. చీర పెడతాను.”

కాకి గెంతుకుంటూ పిండం దగ్గరికి వచ్చి ఆగింది.

“ఆఁ! దారిలో పడ్డారు. ఇప్పుడు పేరు పెట్టి చెప్పండి. పేరు లేని పిలుపు పిలుపే కాదు.”

పేరు తెలియదు. ముకుంద అక్కడి నుంచే సిస్టర్‌కు ఫోన్ చేశాడు.

“మీ అమ్మగారి దగ్గరున్నదా? సుమన్ మావశి.”

“ఏ సుమన్?”

“సుమన్ ఆవళే. ఇక్కడే మెట్ల కింద చాప వేసుకుని ఉండేది. ఉన్న గది ఖాళీ చేయించారట పాపం. పోయే చోటు లేక, డ్యూటీ అయినా మీ అమ్మగారి మంచం దగ్గరే కూర్చునేది.”

ముకుంద రెండడుగులు పక్కకు జరిగాడు. “ఒకసారి ఆమెకు ఫోనివ్వండి.”



“మీ అమ్మగారి తరవాత ఆమెకే వచ్చింది సార్. మొన్న పోయింది. నా అన్నవాళ్ళు ఎవరూ రాలేదు. మునిసిపాలిటీవాళ్ళు తీసుకెళ్ళారు.”

కాకి ఎగిరి వెళ్ళిపోయింది.

గురూజీ ఇంక ఆగలేదు. దర్భలు తీసి చకచకా ముడివేసి, కాకిలా చేసి ముకుంద చేతిలో పెట్టాడు.

“కాకి రానప్పుడు దీంతో తాకించొచ్చు. శాస్త్రం ఒప్పుకుంటుంది. కానివ్వండి, వెనక జనం ఉన్నారు.”

ముకుంద ఒక చేత్తో గడ్డికాకిని పట్టుకున్నాడు. రెండో చేతిలోని ఫోన్ చెవి దగ్గరే ఉంది.

“సిస్టర్... ఆవిడ నా తల్లి అని ఆమెకు తెలుసా?”

“తెలియకేం? మీ అమ్మగారిని తెచ్చిన రోజే నా దగ్గరికొచ్చి, ‘మా కాలనీ ఆవిడ సిస్టర్, పరాయి చేతుల్లో పెట్టొద్దు’ అని ఆ మంచం డ్యూటీ తనే అడిగి వేయించుకుంది.”