చెంగడి కొత్త అడుగు

తొలివాన పడితే చాలు, ఆ చెరువులో కొంగలన్నీ జంటలు కట్టి చిందులేస్తూ ఆడేవి. ఆట నేర్పేది ముసలి కొంగ పొడుగత్త. ఎవరొచ్చినా ఆవిడ మొదటి పాఠం ఒకటే: బురదలో ఒంటికాలి మీద కదలకుండా నిలబడటం.

కుర్రకొంగ చెంగడికి ఒళ్ళు మండిపోయేది.

"నిలబడితే అది ఆటెలా అవుతుందత్తా? నా మనసు ఎగరమంటోంది!"

"ఎగురు నాయనా, ఎవరొద్దన్నారు? ముందు నిలబడు."

గొణుక్కుంటూనే చెంగడు ఎండాకాలమంతా నిలబడ్డాడు.

వాన రానే వచ్చింది. తన జత నీలితో ఆటకు దిగగానే చెంగడు ఆగలేక గాల్లోకి లేచి గిర్రున తిరిగాడు. దిగేటప్పుడు వాడి రెక్క తగిలి నీలి జారింది. చెరువంతా "అయ్యో!" అంది. చెంగడి కాలు మాత్రం, వాడు చెప్పకుండానే, బురదలో పాతిన గుంజలా నిలిచిపోయింది. పడబోయినదల్లా నీలి వాడి రెక్కను ముక్కుతో అందుకుని, వాడి చుట్టూ సర్రున ఒక చుట్టు తిరిగి, నవ్వుతూ నిలబడింది.

అలాంటి అడుగు ఆ చెరువు ఎన్నడూ చూడలేదు. కొంగలన్నీ కేరింతలు కొట్టాయి. పొడుగత్త నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"ఒరేయ్, అదేదో నాకూ నేర్పరా!"

చెంగడు మెడ సాచి, గొంతు సవరించుకున్నాడు.

"ముందు ఒంటికాలి మీద నిలబడు, అత్తా."