ప్రాణహాని ఉన్న మనిషి

పరుపుల షావుకారు బోనులో నిలబడి వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. అంత భారీ మనిషి అలా ఏడుస్తుంటే కోర్టులో అందరికీ జాలేసింది. తుపాకీ ఉన్నవాడి ఏడుపుకి గౌరవం ఎక్కువ. చచ్చిపోయినవాడి మీద కూడా ఎవరికీ అంత జాలి కలగలేదు.

చచ్చిపోయినవాడు ఎదురు దుకాణంలో తాళాలు అమ్మేవాడు. మిట్టమధ్యాహ్నం సంచి పట్టుకుని పరుపుల దుకాణంలోకి వచ్చాడు. సంచిలో చెయ్యి పెట్టాడు. షావుకారు కాల్చాడు. ఆ సంగతి ఆయన దాచలేదు. ప్రాణభయంతో కాల్చానన్నాడు. జడ్జి నమ్మితే ఇంటికి, నమ్మకపోతే జైలుకి.

"సంచిలో ఏం దొరికింది?" అని జడ్జి అడిగాడు.

"భోజనం క్యారియరండీ," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"స్టీలు క్యారియర్!" షావుకారు తరఫు లాయరు ఎగిరి లేచాడు. "నాలుగు గిన్నెలది. నెత్తిన పడితే మనిషి మిగులుతాడా?"

లాయరు మంచి ఊపు మీద ఉన్నాడు. సాక్షిగా టీకొట్టు ఆయన్ని పిలిచాడు.

"కిందటేడు అందరం విన్నాం సార్. ఈ తాళాలాయన నడిరోడ్డు మీద నిలబడి 'నిన్ను చంపేస్తా' అని షావుకారు మీద అరిచాడు. ఇంతలో బస్సొచ్చింది. అది పోయేదాకా ఆగి, మళ్లీ మొదట్నుంచీ అరిచాడు. నోట్లో నాలుక లేని మనిషి సార్ ఈ తాళాలాయన, ఆ నాలుగు మాటలు అరిచేసరికి చెమటలు కక్కేశాడు. అంతా అయ్యాక 'సరిపోయిందా?' అని షావుకార్నే అడిగాడు."

"చూశారా పొగరు! ఇంకా తిట్టాలా అని ఎగతాళి!" అన్నాడు లాయరు.

జడ్జి కళ్లజోడు తీశాడు. "అసలు ఈ ఇద్దరికీ పగ ఎందుకయ్యా?"

"ఎదురెదురు దుకాణాలండీ, ఇంకేం కావాలి? ఆ బెదిరింపులు విచారించే కదా, ప్రాణహాని ఉందని ఆఫీసువాళ్లు నా క్లయింటుకి తుపాకీ లైసెన్సు ఇచ్చారు! సాక్షాత్తూ ప్రభుత్వమే ప్రాణహాని ఉందంటే, ఈయన లేదంటే ఏం మర్యాదగా ఉంటుంది?"

ఆ మాటకి తిరుగు లేకపోయింది. ఇన్‌స్పెక్టర్ కూడా తలూపాడు. జడ్జి గొంతు సవరించుకున్నాడు. గండం గట్టెక్కినట్టేనని షావుకారు ఏడుపు ఆపి, జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు.

తాళాలాయన భార్య వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. పోలీసులు గానీ, లాయర్లు గానీ ఇంతవరకూ ఆమెని ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. తీర్పు చెప్పబోతూ జడ్జి మాటవరసకి అటు చూశాడు.

"ఏమ్మా, నువ్వేమైనా చెప్పుకుంటావా?"

ఆమె లేచింది. జడ్జి వైపు చూడలేదు. షావుకారు వైపే చూసింది. ఆమె ముఖంలో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"అదేంటన్నయ్యగారూ, 'శత్రువు లేనిదే తుపాకీ లైసెన్సు ఇవ్వం అంటున్నారు, నాకెవరూ లేరు, నలుగురూ వినేలా ఒక్కసారి నన్ను చంపుతానని అరిచిపెట్టు' అని మా ఇంటికొచ్చి ఆయన్ని బతిమాలింది మీరే కదా?"