మావాడే

అమెరికాలోని ఐసెలిన్‌లో కొత్తగా తయారవుతున్న ఒక చీరల షాపులో సీలింగ్ పని చేస్తూ వీరభద్రం నిచ్చెన మీంచి పడ్డాడు.

తుంటి ఎముక విరిగింది.

భార్య సరోజ ఆస్పత్రికి పరుగెత్తుకొచ్చేసరికి, మంచం పక్కన ఎవరో పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"కంగారు పడకమ్మా, తెలివిలోనే ఉన్నాడు. ముందు ఈ నీళ్ళు తాగు."

తెలుగు మాట వినగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. తర్జుమా చేయడానికి ఆస్పత్రివాళ్ళు పెట్టుకున్న మనిషి కాబోలనుకుంది.

ఇంతలో నర్సు వచ్చి, ఎవరి దగ్గర పని చేస్తాడని అడిగింది.



వీరభద్రాన్ని పనిలో పెట్టుకున్న శశికాంత్ చిన్న కాంట్రాక్టరు. పెద్ద కంపెనీ దగ్గర పని తీసుకుని చేయిస్తాడు. సరోజ దారిలో ఉండగానే ఫోన్ చేశాడు.

"అక్కా, నాకు ఇన్సూరెన్స్ లేదు. కంపెనీ పేరు ఎత్తితే నాకు మళ్ళీ పనివ్వరు. ఇంట్లో పడ్డాడని చెప్పేయి."

ఆమె నోరు తెరిచేలోపే పెద్దాయన అందుకున్నాడు.

"హి ఈజ్ అవర్ మ్యాన్. పనిలోనే పడ్డాడు."

కంపెనీ పేరు అక్షరం అక్షరం చెప్పి రాయించాడు. కింద సంతకం కూడా చేశాడు.

కంపెనీ పేరు భర్తే ఆయనకి చెప్పుంటాడనుకున్న సరోజ, నర్సు వెళ్ళగానే విరుచుకుపడింది.

"ఎంత పని చేశారండీ. తెలుగువాడు కనబడితే చాలు, మావాడే అనేయడమేనా? అదీ ఇంగ్లీషులో?"

"అలవాటమ్మా. నోటికొచ్చేసింది."

"మీదేం పోయింది? రేపు ఈయన్ని ఎవరైనా పనిలోకి రానిస్తారా?"

ఆయన లేచాడు. వీరభద్రం పాదాల మీదికి దుప్పటి లాగి వెళ్ళిపోయాడు.

సరోజ పేరైనా అడగలేదు.

ఎముక సరిగ్గా అతకలేదు. రెండో ఆపరేషన్ చేస్తేగాని నడవలేడన్నారు డాక్టర్లు. అతను మా మనిషి కాడు, మా పనిలో పడలేదు అంది కంపెనీ.

"కింది కాంట్రాక్టరుకి ఇన్సూరెన్స్ లేకపోతే, పైవాళ్ళే యజమాని కింద లెక్క ఆంటీ. లా అదే," అంది లాయరు మృదుల. "అంకుల్ వాళ్ళ పనిలో పడ్డారని ప్రూవ్ చేయాలి, అంతే."

"ఎలాగమ్మా? శశికాంత్ ఫోనే ఎత్తడం లేదు."

మృదుల ఆస్పత్రి కాగితం తీసి చూపించింది.

"ఇది చాలు."

చాలింది. ఆపరేషన్ జరిగింది. వీరభద్రం చేతికర్రతో వీధి చివరిదాకా నడిచొచ్చిన రోజు, తిట్టిన నోటితోనే సరోజ ఆ పెద్దాయన్ని తలుచుకుని దణ్ణం పెట్టుకుంది.

ఆయన్ని భోజనానికి పిలుద్దామని మృదులకి ఫోన్ చేసింది.

"ఆ సంతకం చేసిన చక్రపాణి గారా? ఆయన ఇక్కడ లేరు ఆంటీ. అంకుల్ పడ్డ వారమే జాబ్‌లోంచి తీసేశారు. ఎటు వెళ్ళారో తెలీదు."

"అయ్యో, ఆస్పత్రివాళ్ళు ఎందుకు తీసేశారమ్మా?"



"ఆయన ఆస్పత్రి మనిషి కాదు ఆంటీ, అంకుల్ తమ మనిషి కాదని మీ చేత సంతకం పెట్టించుకు రమ్మని కంపెనీ పంపింది ఆయన్నే."